లోయ వైపు శ్రుతి

అభా, సౌదీ అరేబియా,
ఆగస్టు 20

మామకు, నా చేతికి మొదటిసారి డ్రమ్ము కర్ర ఇచ్చిన ఉస్తాదుకు, మహబూబ్ బాషా సలాములు.

ఫోను చేస్తే మీకు వినపడదు. నేను చెప్పేది షబ్నమ్ విని, పలక మీద రాసి మీకు చూపించాలి. ఈ సంగతి నా భార్య చేత రాయించగలిగేది కాదు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కాగితం ముందు కూర్చున్నాను. ఇక్కడ బేకరీలో పనిచేసే నంద్యాల సుభాన్ రేపు సెలవు మీద బయలుదేరుతున్నాడు. కవరు మీ చేతికే ఇస్తానని మాట ఇచ్చాడు. చదివి దాచెయ్యండి మామా. దిలావర్ మీకు కొడుకైతే, షబ్నమ్‌కు చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. ఆమె పుండు ఇంకా పచ్చిగానే ఉంది.

కర్నూల్లో మీరు దిలావర్‌కు నలభయ్యో దినం ఫాతెహా చేయించిన రోజునే ఇక్కడ నేనూ ఇక్బాలూ ఖబరస్తాన్‌కు పోయి వచ్చాం. ఇక్కడ సమాధుల మీద పేర్లుండవు. తల దగ్గరొక రాయి, కాళ్ళ దగ్గరొక రాయి, అంతే. గేటు నుంచి వరసలు లెక్కబెట్టుకుంటూ పోయి మొదటిసారి తప్పాం. ఎవరిదో సమాధి ముందు నిలబడి దువా చదివాక ఇక్బాల్ నా మోచెయ్యి తట్టి, "ఇది కాదు భాయ్, పక్కది" అన్నాడు. ఇక్బాల్ మా బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయిస్తాడు. సియాల్‌కోట్ మనిషి. బ్యాగ్‌పైపులు తయారుచేసే వీధిలో పుట్టి, వాటి కూత భరించలేక డ్రమ్ములోకి పారిపోయానని నవ్విస్తుంటాడు. ఈమధ్య నవ్వడం లేదు.

మేము వాయించే చోటు మీరు చూడలేదు గనుక చెబుతాను. హోటలు కొండ అంచున ఉంది. ముందు పెద్ద టెర్రస్, దాని మీద అతిథులకు కుర్చీలు. టెర్రస్ నుంచి ఒక కాలిబాట ఎడమ పక్కకు పోతుంది. రెండు వందల అడుగుల తర్వాత లోయ అంచున మలుపు తిరిగి, అక్కడి నుంచి తిన్నగా ఒక పాత రాతి బురుజు దాకా సాగుతుంది. మలుపు దగ్గరి గోడ మోకాలి ఎత్తు కూడా ఉండదు. అవతల వేల అడుగుల లోతు. సాయంత్రపు ఆట చివర్లో మిగతా బ్యాండంతా ఆగిపోయాక దిలావర్ ఒక్కడే బురుజు దగ్గర పైపు అందుకుని వాయించుకుంటూ నడిచి రావాలి. స్కాట్లాండు వాళ్ళ పద్ధతి అదేనని మీరే మాకు చెప్పారు గదా, ఒంటరి పైపరు చివర్న రావాలని. గళ్ళ ఉన్ని శాలువా భుజాన వేసుకుని, ఆ మెల్లటి నడకతో వాడు మంచులోంచి బయటపడుతుంటే సౌదీ ముసలివాళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. అలా వస్తూనే జులై నాలుగున వాడు అంచు దాటాడు. అంతవరకు మీకు తెలుసు.

నలభై రోజుల తర్వాత బ్యాండు మళ్ళీ మొదలైంది. పోయిన శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత నేనూ ఇక్బాలూ ముందుగా టెర్రస్ మీదికి పోయాం. తేమకు డ్రమ్ము చర్మం వదులైంది, బిగించాలి. పైపర్లు ముగ్గురూ ఇంకా క్యాంటీన్‌లో ఉన్నారు. లోయలోంచి మంచు లేచి, గోడ దాటి, కుర్చీల కాళ్ళ మధ్య పారడం మొదలుపెట్టింది. నేను బిగువు చూద్దామని పెద్ద డ్రమ్ము మీద నడక తాళం నాలుగు దెబ్బలు కొట్టాను. అయిదో దెబ్బకు లోయ వైపు నుంచి శ్రుతి లేచింది.

పాట కాదు మామా. ఉత్త శ్రుతి. భుజం మీది మూడు గొట్టాలూ ఒకేసారి అందుకుంటే వచ్చే మోత. మన ఊళ్ళో బొమ్మలాటకు పట్టే తిత్తి ఇలాగే మోగుతుంది గదా, దానికంటే లోతుగా. నేను చెయ్యి ఆపాను. అది కాసేపు సాగి, గాలి అయిపోయినట్టు కుంగి ఆగింది.

"పైపర్లు వచ్చారా?" అన్నాడు ఇక్బాల్.

నేను మళ్ళీ కొట్టాను. మళ్ళీ లేచింది. ఇక్బాల్ తన కర్రలు రెండూ మెల్లగా నేల మీద పెట్టాడు. టెర్రస్ గోడ మీద ఎప్పుడూ చపాతీ ముక్కల కోసం కొట్లాడే కొండకోతులు వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. అన్నీ లోయ వైపే చూస్తున్నాయి. పది నిమిషాల తర్వాత పైపర్లు చాయ్ కప్పులతో వచ్చారు. వాళ్ళ పైపులు పెట్టెల్లోనే ఉన్నాయి.

మా బ్యాండును హోటల్లో కుదిర్చింది సమీర్, హైదరాబాదు మనిషి. చెబితే, "గాలి అది బాషా. బురుజు రాళ్ళ సందులల్ల దూరి కూస్తది. గెస్టుల ముంగట ఈ ముచ్చట తియ్యకు" అన్నాడు. అవుననే అనుకున్నాను. గదికి వచ్చి మంచం కింద ఉన్న దిలావర్ పైపు బయటికి లాగాను. లోయలోంచి తెచ్చిచ్చినప్పుడు దాని వేళ్ళ గొట్టం, పాట పలికేది, లేదు, అది యాడ పడిందో దొరకలేదు. శ్రుతి గొట్టాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ గొట్టం ఊడిన చోట తెరుచుకునే ఉన్న తిత్తి, గాలి నిలవకూడని తిత్తి, నిండుగా, బిర్రుగా ఉంది. చంకన పట్టుకున్న మనిషి ఇప్పుడే కిందపెట్టినట్టు వెచ్చగా ఉంది.

మీరు ముప్పయ్యేళ్ళు పైప్ మేజర్‌గా పోలీసు బ్యాండు నడిపిన మనిషి. గాలికీ శ్రుతికీ తేడా మీకంటే ఎవరికి తెలుసు? ఇది ఏమిటో నాకు చెప్పండి.

మీ అల్లుడు,
మహబూబ్ బాషా

*

అభా,
సెప్టెంబరు 3

మామకు,

మీ జవాబు రాలేదు. ఏం రాయాలో తోచక ఆగి ఉంటారు. లేకపోతే నేను దాచింది మీకు అర్థమై ఉంటుంది. ఇక దాచను.

మంచు పట్టిన ప్రతి సాయంత్రం అది వినపడుతోంది. నేను కొడితేనే లేస్తుంది, ఆపితే కుంగుతుంది. ఇక్బాల్ కొడితే రాదు. అతను నాతో పందెం వేసినట్టు అరగంట సైడ్ డ్రమ్ము వాయించి, చివరికి, "నిన్నే అడుగుతోంది భాయ్, నన్ను కాదు" అని లేచిపోయాడు. మొదట్లో లోయ అడుగు నుంచి వచ్చేది. ఇప్పుడు మలుపు కిందనే, గోడకు అవతలే ఉన్నట్టు వస్తోంది.

ఇప్పుడు జులై నాలుగు సంగతి వినండి. మలుపు దగ్గర దారి తెలిసేందుకు దిలావర్‌కు ఒక ఏర్పాటు ఉండేది. నేను పెద్ద డ్రమ్ముతో సరిగ్గా మలుపులో నిలబడి కొట్టాలి. వాడు బురుజు నుంచి తిన్నగా నా దగ్గరికి వస్తాడు. నన్ను చేరాక ఇద్దరం కలిసి టెర్రస్ వైపు తిరుగుతాం. ఏర్పాటు దిలావర్‌దే. "నువ్వు ఆడ ఉంటే సాలు బావా, ఎంత మంచైనా వచ్చేస్తా" అనేవాడు. ఆ రోజు నేను మలుపులో ఉన్నానని పోలీసులకు చెప్పాను, సమీర్‌కు చెప్పాను, మీకూ చెప్పించాను. నేను అక్కడ లేను.

వాడి మీద నాకు కోపం పేరుకుపోయింది మామా. ఏడాదిగా పిలిస్తే పలికేవాడు కాదు. ఎదురుగా నిలబడితే నవ్వుతాడు, మాట్లాడతాడు. వెనక నుంచి పిలిస్తే రాయి. ఒంటరి పైపరుగా పేరొచ్చింది, అక్క మొగుడు డ్రమ్ము మోసేవాడని లోకువైంది అనుకున్నాను. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరి ముందు మూడుసార్లు పిలిచాను. నాకు వీపు పెట్టి పైపు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఎవరో నవ్వారు. నేను పోయి వాడి భుజం పట్టి తిప్పాను.

"ఎన్ని తూర్లు పిల్సాలరా నిన్ను? మీ అక్క మొగుణ్ణిరా నేను" అన్నాను.

వాడు నా మొహంలోకి తేరిపార చూసి, "తప్పయింది బావా, ఇనపల్యా" అన్నాడు.

అంత దగ్గర నుంచి వినపడలేదంటే ఎట్లా నమ్మేది?

సాయంత్రం మంచు ముంచేసింది. చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. మలుపులో తడిగాలి కోస్తుంది. నేను డ్రమ్ము తగిలించుకుని టెర్రస్ మీదే, చాయ్ పొయ్యి పక్కన నిలబడ్డాను. ఇక్బాల్, "మలుపుకు పోవా?" అన్నాడు. "చెవులున్నాయి గదా వానికి. చప్పుడు ఇనుకుంటా రానీలే" అన్నాను. ఆ మాట అన్న నోరు ఇదే.

బురుజు దగ్గర పాట మొదలైంది. నేను కొడుతూనే ఉన్నాను. నా దెబ్బ ఎదుటి కొండకు తగిలి తిరిగొస్తుంటే, అది లోయ మీది నుంచి వస్తున్నట్టే ఉండింది. పాట దగ్గరయింది. మలుపు దాకా వచ్చింది. అక్కడ తిరగాలి, తిరగలేదు. పాట తెగింది. శ్రుతి తెగలేదు. తిత్తిలో గాలి ఉన్నంతసేపు గొట్టాలు మోగుతాయి గదా మామా. ఆ మోత కిందికి పోయింది. ఇంకా కిందికి పోయింది. అతిథులు అది కూడా ఆటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. నేను చెయ్యి ఆపలేదు, ఆపితే నాకు తెలిసిపోతుందని.

నా డ్రమ్మును నమ్ముకుని వాడు ఆ తిరిగొచ్చే చప్పుడు వెంట పోయాడు. ఇప్పుడు ఆ డ్రమ్మునే పిలుస్తున్నాడు.

ఈ సీజనుకు చివరి ఆట సెప్టెంబరు పన్నెండు, శుక్రవారం. ఒంటరి నడక మళ్ళీ పెట్టాలని సమీర్ పట్టుబట్టాడు. పైపర్లు ముగ్గురూ ఒప్పుకోలేదు. పైపు లేకపోయినా డ్రమ్ముతో బురుజు నుంచి నేనే నడిచి వస్తానన్నాను. మలుపులో ఇంకా ఇనుప కమ్మీ వెయ్యలేదు, రిబ్బను మాత్రం కట్టి ఉంది. మంచు ఉంటే, ఆ శ్రుతి లేస్తే, అది ఎటుంటే అటే నడుస్తాను. నిలబడాల్సిన చోట నిలబడనివాడు ఇంక చెయ్యగలిగింది అదొక్కటే. ఈ ఉత్తరం మా హోటలు డ్రైవరు ఒకడు సెలవు మీద వస్తూ తెస్తున్నాడు, అతను కర్నూలు చేరేది పదకొండున. షబ్నమ్‌కు మంచు వల్ల జరిగిందనే చెప్పండి.

మహబూబ్ బాషా

*

కర్నూలు,
సెప్టెంబరు 12, పొద్దున తొమ్మిది గంటలు

అల్లుడు మహబూబ్ బాషాకు, గౌస్ మొహిద్దీన్ దువాలతో రాసేది.

నీ రెండో ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. ఈ కాగితాలను మన వీధి చివర జిరాక్సు షాపు ఉమారాణి ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతుంది. ఆ అమ్మాయి చదివినా నోరు మెదపదు. నువ్వు చూసేదాకా పంపుతూనే ఉండమని చెప్పి ఆ షాపులోనే కూర్చుంటాను.

దిలావర్ నీకు పలకకపోవడం పొగరు కాదు. వాడికి వినపడదు.

మా నాయనకు నలభయ్యేళ్ళకు చెవులు పోయాయి. నాకు యాభైకి పోయాయి. అందరూ పైపు మోత వల్ల అనుకున్నారు, నేనూ సరే అన్నాను. మా రక్తంలోనే ఉంది అది. దిలావర్‌కు ఇరవై ఏళ్ళకే కుడిచెవి పోయింది. ఎడమది కూడా పోయిందని పోయినేడు సెలవుకు వచ్చినప్పుడు నా ఎదుట కూర్చుని, నా పలక తీసుకుని రాసి చూపించాడు. తండ్రీ కొడుకులం ఒకే పలక మీద మాట్లాడుకున్నాం. మరి పైపు ఎట్లా వాయిస్తున్నావురా అని రాశాను. పాట వేళ్ళలో ఉంది, తాళం బావ చేతిలో ఉంది, కర్ర పైకి లేస్తే చూసి పట్టుకుంటానని రాశాడు. నీకు చెప్పమన్నాను. చెబితే బావ నన్ను ఆ దారిలో నడవనియ్యడు, ఒంటరి పైపరు పని పోతుంది అని రాసి, తుడిపేశాడు.

నేను ఆపలేదు. అంతేకాదు, వాడు మొదటిసారి సౌదీకి పోయే ముందు మెడికల్ పరీక్షకు వాడి వెంట పోయింది నేనే. డాక్టరు వాడి వెనక నిలబడి కుడిచెవి దగ్గర మాట్లాడుతుంటే, ఎదురుగా కుర్చీలో కూర్చున్న నేను ఆయన పెదవులు చూసి వేళ్ళతో సైగ చేశాను. యూనిఫాం వేసుకున్న ముప్పయ్యేళ్ళలో నేను చెయ్యని మోసం ఆ గదిలో చేశాను. నా కొడుకు పైపరు కావాలన్న కోరికతో.

నువ్వు మలుపులో ఉండి ఉంటే వాడు బతికేవాడు. అది కాదని నీకు అబద్ధం రాయను. నువ్వు నీ చోట నిలబడలేదు. నేను ఒక చెవిటివాణ్ణి కొండ అంచుకు పంపాను. తప్పు ఇద్దరిదీ. అయితే వాడు నీ డ్రమ్ము చప్పుడును నమ్మి దారి తప్పలేదు. ఏ చప్పుడూ వాడికి చేరలేదు. వాడు ఆ మంచులో నీ చెయ్యి కోసం చూస్తూ నడిచాడు.

ఆ శ్రుతి ఉందో లేదో నేను చెప్పలేను, పదకొండేళ్ళుగా నాకు ఏ శ్రుతీ లేదు. ఒకటి మాత్రం తెలుసు. అది వాడే అయితే నిన్ను రమ్మని పిలవడం లేదు. నువ్వు ఎక్కడున్నావో తెలియక నిలబడి ఉన్నాడు. వాడి దగ్గరికి నువ్వు పోవద్దు. ఆ రోజు నిలబడాల్సిన చోట నిలబడు. డ్రమ్మును బండకు ఆనించి కొట్టు. చెవులు పోయినవాళ్ళం అరికాళ్ళతో వింటాం, అది నీకు తెలియదు.

షబ్నమ్‌కు తమ్ముడు పోయాడు. నువ్వు కూడా అదే లోయలో పడితే, ఆ సంగతి నాకు పలక మీద రాసి చూపించాల్సింది ఆ పిల్లే. దాని చేత ఆ రాత రాయించకు. ఇది మామగా బతిమాలడం కాదు. నీ పైప్ మేజర్ ఆర్డరు.

గౌస్ మొహిద్దీన్

*

అభా,
సెప్టెంబరు 25

మామకు, మీ అల్లుడు సలాములతో.

బతికే ఉన్నానని ఆ రోజే ఉమారాణి ఫోనుకు కబురు పెట్టాను. మిగతాది రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

ఆ రోజు పొద్దుటి నుంచీ ఫోను ముట్టలేదు, మీ కాగితాలు చూసేసరికి నేను బురుజు దగ్గర ఉన్నాను. అసర్ అయి గంట దాటింది. డ్రమ్ము తగిలించుకుని, టెర్రస్ మీద బ్యాండు ఎప్పుడు ఆగుతుందా అని వింటున్నాను. జేబులో ఫోను అదే పనిగా కొట్టుకుంటుంటే ఆపేద్దామని తీశాను. మీ చేతిరాత కనపడింది. రెండుసార్లు చదివాను. క్యాంటీన్‌లో భుజం పట్టి తిప్పినప్పుడు వాడు నా మొహంలోకి ఎందుకంత తేరిపార చూశాడో అప్పుడు అర్థమైంది. నా పెదవులు చదువుతున్నాడు. ఏం తిట్టానో తెలుసుకుని, తప్పయిందన్నాడు.

మంచు అప్పటికే మూసుకుంది. కొండ పక్క రాయిని చేత్తో తడుముకుంటూ మలుపు దాకా వచ్చాను. రిబ్బను ఇవతల మోకాళ్ళ మీద కూర్చుని, డ్రమ్ము అంచు బండకు ఆనించి కొట్టడం మొదలుపెట్టాను. దెబ్బ నా మోకాళ్ళలోకి వచ్చింది, పళ్ళలోకి వచ్చింది. శ్రుతి గోడ కింద నుంచే లేచింది, ఎప్పటిలాగే. నేను ఆపలేదు. కాసేపటికి అది అక్కడ లేదు. బురుజు వైపు నుంచి వస్తోంది, బాట మీద నుంచి. దానితో పాటు అడుగులు కూడా వినపడ్డాయి మామా. కంకర మీద బూట్లు. ఎడమ, కుడి, నా దెబ్బ మీద పడుతూ.

తల ఎత్తలేదు. ఎత్తితే ఏదైనా కనపడుతుందేమోనని భయం, కనపడదేమోనని అంతకంటే భయం. తడిసిన ఉన్ని వాసన వచ్చింది. అడుగులు నా పక్కన ఆగాయి. శ్రుతి నా చెవి మీదే మోగుతోంది. లేచి నిలబడి, కర్ర పట్టిన చెయ్యి ఎంత పైకి పోతే అంత పైకి ఎత్తాను. టెర్రస్ వైపు చూపించాను. తిరిగి నడిచాను.

నా కుడిపక్కన ఇంకొకరి అడుగులు టెర్రస్ దాకా వచ్చాయి. మంచులోంచి నేను ఒక్కణ్ణే బయటపడ్డాను, చూసుకున్నాను. అయినా ముందు వరసలో ఉన్న ఒక సౌదీ ముసలాయన కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళూ కాళ్ళు ముడుచుకున్నారు. వాళ్ళెవరూ నా దారికి అడ్డంగా లేరు. వాళ్ళు జరిగింది నా కుడిపక్కన. ఇక్బాల్ లేచి నిలబడి ఉన్నాడు. నేను ఆగి, ఆట ముగిసినట్టు రెండు దెబ్బలు కొట్టాను. శ్రుతి చటుక్కున ఆగింది. చప్పట్లు సద్దుమణిగాక ఆ ముసలాయన సమీర్‌ను పిలిచి అరబీలో ఏదో అడిగాడు. సమీర్ మొహం పాలిపోయింది. ఆ రెండో మనిషి ఎటు పోయాడని అడిగాడట.

తర్వాత నాలుగుసార్లు మంచు పట్టింది. నాలుగుసార్లూ కొట్టి చూశాను. ఏమీ రాలేదు.

జులై నాలుగున నేను మలుపులో లేనని సమీర్‌కు చెప్పాను. "ఫైలు మూసిండ్రు, ఎందుకు తెరుస్తవ్ బాషా, ఇంటికి పో" అన్నాడు. వినలేదు. వారం కిందట అతన్నే తోడు తీసుకుని పోలీసుల దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. రాసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు, మళ్ళీ పిలుస్తామన్నారు. అంతవరకు నా ఎగ్జిట్, దేశం విడిచే అనుమతి, ఆగుతుంది. ఎన్నాళ్ళో తెలియదు. మీ మెడికల్ సంగతి నేను చెప్పలేదు. అది మీరు చెప్పుకోవాల్సింది, చెప్పుకోకపోయినా నేను అడగను.

ఎగ్జిట్ వచ్చాక తిన్నగా కర్నూలు వస్తాను. ఈ ఉత్తరాలు షబ్నమ్‌కు చూపించకండి. ఆమె ఎదురుగా కూర్చుని నా నోటితోనే అన్నీ చెబుతాను, వాడికి వినపడకపోవడం కూడా. ఆమె ఏమన్నా పడతాను. ఇంట్లోంచి పొమ్మంటే పోతాను. అప్పుడు మీరు వేరే గదిలోకి పోకండి మామా. మేము అనుకునే మాటలు మీకు వినపడవు గదా. ఆమెకు మీరు కనపడుతూ ఉంటే చాలు.

మీ అల్లుడు,
దిలావర్ బావ,
మహబూబ్ బాషా